ఇంటిల్లిపాదీ నేర్చిన అడుగు

మగవాళ్ళ చేతికి ముందు ఒక తువ్వాలు ఇవ్వండి. పెళ్ళిళ్ళలో ఇంటివాళ్ళ చేత డ్యాన్సు చేయించే ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎవరు నన్ను అడిగినా, నేను మొదట చెప్పే మాట ఇదే. మన అనంతపురం మగవాళ్ళకు ఎండలో గుంటక తోలమన్నా జంకు లేదు, అంగట్లో గంటసేపు బేరమాడమన్నా జంకు లేదు. ఉత్త చేతులతో నలుగురి ముందర నిలబడమంటే మాత్రం ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అల్లాడిపోతారు. తువ్వాలు ఇస్తే చేతులకు ఒక పని దొరుకుతుంది. చేతులు కుదుటపడితే కాళ్ళు వాటంతటవే కదులుతాయి. ఇక మేనత్తలను వెనక వరుసలో పెట్టాలని ఎప్పుడూ ప్రయత్నించకండి. పెట్టినా వాళ్ళు అక్కడ ఉండరు. బెంగళూరులో ఉండి ఫోనులో వీడియో చూసి నేర్చుకునే బంధువులుంటారు చూడండి, వాళ్ళనందరినీ ఒక్కచోట నిలబెట్టకండి. వాళ్ళు ఎప్పుడూ అర అడుగు ఆలస్యంగానే వస్తారు. చెదరగొట్టి నిలబెడితే ఎవరికీ కనబడదు.

ఇవి నాకు ఎవరూ నేర్పినవి కావు. బడికి నేను పోయింది తక్కువ. అక్షరాలు మా నాయన దగ్గర, కోలాటం అడుగులు మా అమ్మ దగ్గర, ఇంట్లోనే నేర్చుకున్నాను. ధనుర్మాసంలో గుడి ముందర ఆడపిల్లలకు కోలాటం నేర్పిస్తుంటే, ఒక పొద్దు టౌనులోని బట్టలంగడి శెట్టిగారి ఇల్లాలు వచ్చి, "మా పిల్లోని పెండ్లికి సంగీత్ పెట్టుకున్నామమ్మా, మా ఇంట్లో ఎవరికీ ఎగిరేకి రాదు, నువ్వు వచ్చి నేర్పుతావా?" అని అడిగారు. సంగీత్ అంటే ఏమిటో అప్పటికి నాకూ తెలియదు. "స్వామి దయ, వస్తానమ్మా" అన్నాను. ఆ మాట పట్టుకుని మొదలైన పని, మొన్నమొన్న మోకాళ్ళు మొరాయించేదాకా సాగింది. ఇన్నేళ్ళూ కదిరి నరసింహస్వామే నాకు తిండి పెట్టాడని నేనంటాను. కాదు, పెళ్ళికొడుకుల మేనత్తలు పెట్టారని మా ఆయన అంటారు. రెండూ నిజమే.

ఈ పనిలో నాకు దొరికిన తోడు ఒక డీజే. నాకు తమ్ముడి వరస. గుండె పెద్దది, స్పీకర్లు అంతకంటే పెద్దవి. ఎంత దూరమైనా ఆటోలో సామానంతా వేసుకుని నాకంటే ముందే వచ్చి కూర్చునేవాడు. నా ప్రాక్టీసుల్లో ఎవరైనా అలిగి పోతే వెనకాలే పోయి నవ్వించి తీసుకొచ్చేవాడు. అతనికి ఉన్నది ఒకటే నమ్మకం: ఏ పాటా ఉన్నది ఉన్నట్టుగా పనికిరాదు. "పాట బాగుండాదక్కా, కానీ దీంట్లో దమ్ము ల్యా" అనేవాడు. దమ్ము అంటే అతని లెక్కలో పాట కింద దబ్ దబ్ మని కొట్టే డప్పు. అది లేని పాట ఉప్పు లేని చప్పిడి కూడు.

నేను చెప్పాలనుకున్నది బుక్కరాయసముద్రంలో ఒక పెళ్ళి గురించి. నా పనిలో అంతటి పెళ్ళి అంతకు ముందు లేదు, తర్వాతా లేదు.

పెళ్ళికూతురి నాయన చీనీ తోట, అంటే బత్తాయి తోట, రైతు. మాట మెత్తన. నేను పోయిన మొదటిరోజు ఇంట్లోకి కూడా రానివ్వకుండా గేటు దగ్గరే నిలబెట్టి, లోపలికి వినబడకుండా చెప్పాడు.

"అక్కా, నీకొక మాట ముందే చెప్పల్ల. మా పాపకు ఎడమకాలు సన్నం. చిన్నప్పుడు జ్వరమొచ్చి అట్లయినాది. నడుస్తాది, అన్ని పనులూ చేసుకుంటాది. నడిస్తే తెలుస్తాది, అంతే."

"పెండ్లికొడుకుకు తెలుసు కదన్నా?"

"ఆ పిల్లోనికి తెలియకపోవడమేంది! ఇద్దరూ ఒకే బళ్ళో టీచర్లు. ఇష్టపడి చేసుకుంటాండారు. భయం ఆ పిల్లోనితో కాదక్కా. వాళ్ళది బెళుగుప్ప పక్క ఊరు, గొర్రెలు మేపే ఇల్లు. నాయన ల్యాడు, పెదనాయనే పెద్ద. ఆయప్ప నిశ్చితార్థానికి వచ్చినాడు, మా పాప వాకిట్లోనుంచి చాప దాకా నడిచి వస్తాంటే తల దించకుండా సూసినాడు, అన్నం తిన్నాడు, పోయినాడు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అనల్యా. కోపముంటే తిట్టొచ్చు గదా?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇప్పుడు నిండు హాల్లో, వాళ్ళ ఊరోళ్ళందరి ముందర, పాప స్టేజీ మీద ఆ కొసనుంచి ఈ కొసకు నడిచిందనుకో. ఎవరో ఒకరు ఒక మాట అంటారు. ఆ పెద్దాయన మనసు విరిగితే? తెల్లారితే ముహూర్తం. అందుకే పాపను పూల కుర్చీలో కూచోబెట్టి, మేమంతా చుట్టూ ఆడేట్లు ఏదన్నా చేసి పెట్టక్కా."

ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ ఆడించడం నాకు కొత్త కాదు. నెలలు నిండినవాళ్ళ సీమంతాలకు అదే ఏర్పాటు. సరేనని మిద్దె ఎక్కాను. ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నారు. మధ్యలో ఒక కుర్చీ వేయించి, చుట్టూ వరుసలు నిలబెడుతుంటే, గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్న అమ్మాయి గొంతు వినబడింది.

"అత్తా, ఆ కుర్చీ ఎవరికి?"

"నీకేనమ్మా" అన్నాను.

"నాకు కాళ్ళుండాయి గదా?"

ఆమె నాయన "పాపా..." అని ముందుకు వచ్చాడు.

"ఉత్సవ విగ్రహం మాదిరి నన్ను మధ్యలో కూచోబెట్టి మీరంతా చుట్టూ ఎగురుతారా? ఇంక హారతి కూడా ఇచ్చేయండి. చివర్లో పొంగలి పంచండి." నవ్వుతూనే అంది కానీ కళ్ళల్లో నవ్వు లేదు. "నాయనా, పండగకు పబ్బానికి కోడలిగా ఆ ఊర్లో నేను నడవల్ల గదా? గుడికి, పెండ్లిండ్లకు, పొలానికి. రోజుకొకరు తలుపు సందులోనుంచి తొంగి సూసేదానికంటే, అందరూ ఒక్కసారే కడుపు నిండా సూసేస్తే పోతాది గదా. నేను నా కాళ్ళ మీద ఆ స్టేజీ ఈ కొసనుంచి ఆ కొసకు పోవల్ల. ల్యాకపోతే నాకు సంగీతూ వద్దు, ఏమీ వద్దు."

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అమ్మాయి తల్లి నా దగ్గరికి వచ్చి, "నువ్వు నేర్పక్కా. ఆయన సంగతి నేను సూసుకుంటా" అంది. కుర్చీ మడిచి పక్కన పెట్టించాను.

అయితే అనుకోవడం ఒకటి, అడుగు పడటం ఒకటి. ఈ కాలం పెళ్ళి పాటలన్నీ నాలుగు లెక్కలో పోతాయి. ఒకటి రెండు మూడు నాలుగు, కుడి ఎడమ కుడి ఎడమ, రెండు కాళ్ళకూ సమానం. ఆ అమ్మాయి ఎంత పట్టుదలగా ప్రయత్నించినా నాలుగోదానికి వెనకబడేది. పాట నెమ్మది చేసి చూశాను. అప్పుడు మిగిలినవాళ్ళు తూలడం మొదలుపెట్టారు. ఆమె మేనత్త, నోరు కొంచెం గట్టి మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది: "ఏమ్మా, ఇది పెండ్లి పాటా, జోల పాటా? నాకు నిద్ర వస్తాండాది."

అందరూ నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది కానీ, పోయి మళ్ళీ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుంది. నేను ఇంటికి వచ్చి దీపం పెట్టి కూర్చున్నాను. ప్రార్థన ఏదీ నోటికి రాలేదు. "స్వామీ, ఆ బిడ్డ అడిగింది చిన్నది. నాకు దారి కనబడటం లేదు, నువ్వు చూడు" అని మాత్రం అన్నాను.

స్వామి చూశాడు. మర్నాటి సాయంత్రం నేను మిద్దె మీద పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నాను, ఇంకా ఎవరూ రాలేదు. కింది నుంచి మెట్ల మీద ఏదో చప్పుడు వస్తోంది. స్టీలు గ్లాసులు పళ్ళెంలో ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా. మళ్ళీ పొడుగు, మళ్ళీ పొట్టి. తై...త, తై...త. నా చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. మెట్లన్నీ అయ్యేదాకా ఆ తాళం ఒక్కసారి కూడా తప్పలేదు. తలుపులోనుంచి టీ పళ్ళెం పట్టుకుని ఆ అమ్మాయి వచ్చింది. ఒక్క చుక్క తొణకలేదు.

నేను ఆమె చేతిలో పళ్ళెం తీసి కింద పెట్టాను. "ఇంకోసారి ఆ గోడ దాకా నడువమ్మా" అన్నాను. నడిచింది. కుడికాలి మీద కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది, ఎడమది ఇలా తాకించి తీసేస్తుంది. నిన్నటిదాకా నేను దాన్ని తాళం తప్పడం అనుకున్నాను. అది తప్పడం కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఒకే తాళంలో నడుస్తున్న మనిషి ఆమె. నేను వేరే లెక్క తెచ్చి ఆమె కాళ్ళకు కట్టాను.

వాళ్ళమ్మను పిలిచి, "మీ ఇంట్లో పెండ్లికి పసుపు దంచేటప్పుడు పాడే పాట ఒకసారి పాడమ్మా" అన్నాను. ఆమె సిగ్గుపడుతూ ఎత్తుకుంది. మన ఆడవాళ్ళ పాత పెళ్ళి పాటల్లో సగం ఆ మూడు లెక్కల తూగులోనే పోతాయి, రోకలి పైకి లేవడం నిదానం, కిందికి పడటం వడి. ఆ పాటకు అమ్మాయి అడుగు కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆకాశం వైపు చూసి ఒక దండం పెట్టుకున్నాను.

అందరూ వచ్చాక చెప్పాను: "నిన్నటిది అంతా మరిచిపోండి. పాపకు మన అడుగు నేర్పేది లేదు. మనమందరం పాప అడుగు నేర్చుకోవాలి."

మేనత్తే ముందు తేరుకుంది.

"ఏమ్మా, నీకు మతి ఉండాదా? మేమందరం కుంటుకుంటా స్టేజీ మీద పోతే, మా పిల్లను మేమే ఎగతాళి పట్టినట్లుండదా? ఆ పక్కోళ్ళు ఏమనుకుంటారు?"

ఆమె అడిగింది న్యాయమైన మాట. బదులు అమ్మాయే ఇచ్చింది.

"అత్తా, మోకాళ్ళ నొప్పులని నువ్వు మూడేండ్ల నుంచి కుంటుతానే ఉండావు గదా. అది నన్ను ఎగతాళి పట్టేకేనా?"

మిద్దె అదిరేలా నవ్వారు. మేనత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. అప్పుడు నేను విడమరచి చూపించాను. కాలు వంచొద్దు, నడుం వంచొద్దు. నిటారుగా నిలబడండి. కుడి అడుగు మీద నిలవండి, ఎడమది నేలకు తాకించి తీసేయండి. ఆమె కాలు ఆమెది, ఆమె తాళం మాత్రం మనది. వరుసలన్నీ ఒకేసారి అలా వేసి చూపిస్తే, అది కుంటడంలా లేదు. గాలికి కొర్ర చేను ఊగినట్టుంది.

నేర్చుకోవడానికి మాత్రం వాళ్ళకు ప్రాణం మీదికి వచ్చింది. పుట్టినప్పటి నుంచి సమానంగా నడిచిన కాళ్ళు అంత తేలిగ్గా మాట వినవు. ఇప్పుడు టీచరు నేను కాదు, ఆ అమ్మాయి. బళ్ళో పిల్లలను దిద్దినట్టు ఒక్కొక్కరినీ దిద్దేది. "చిన్నాయనా, ఎడమకాలు మీద అంతసేపు నిలబడితే యట్ల? బస్సు పోతాది." "వదినా, తొందరేంది, కుడికాలు కింద నిప్పులుండాయా?" తనకు రానిది నేర్చుకునేటప్పుడు బిగిసిపోయిన ఆ మొహం, తనకు వచ్చింది నేర్పేటప్పుడు ఎలా వెలిగేదో మీరు చూడాల్సింది.

ఆమె నాయన మాత్రం మిద్దె ఎక్కలేదు. ప్రాక్టీసు జరుగుతున్నంతసేపూ పై మెట్టు దగ్గర ఆయన చెప్పులు కనబడేవి. ఆయన తలుపు చాటునే ఉండేవాడు, కనబడేవాడు కాదు.

పాటను ఇంటి ఆడవాళ్ళ చేతనే పాడించి, ఫోనులో పట్టి, డీజే తమ్ముడికి పంపించాను. వెంటనే ఫోను చేశాడు.

"అక్కా, పాట భలే ఉండాది. కానీ..."

"కానీ ఏమీ లేదు నాయనా. మధ్యలో కుక్క అరిచింది, కుక్కర్ కూత వేసింది. అవి తీసేసి ఇయ్యి, చాలు."

"సరేలే అక్కా" అన్నాడు. అతని 'సరేలే' గురించి నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ రోజుల్లో నాకు చీరలు, తువ్వాళ్ళు, వరుసలు, ఇవే తలనిండా ఉన్నాయి.

సంగీత్ రోజు సాయంత్రం అనంతపురంలో ఫంక్షను హాలు నిండిపోయింది. పెళ్ళికొడుకు ఊరివాళ్ళు బస్సు కట్టుకుని వచ్చారు. తెల్ల పంచెలు, తలకు రుమాళ్ళు, పెద్దవాళ్ళ భుజాన గొంగళ్ళు. మర్నాడు పొద్దున పెళ్ళికొడుకు మెరవణికి, అంటే ఊరేగింపుకు, కొట్టడానికి తెచ్చుకున్న డోళ్ళను గోడవార వరసగా పెట్టుకున్నారు. పెదనాయన ముందు వరుసలో, మోకాళ్ళ మధ్య కర్ర నిలబెట్టుకుని కూర్చున్నాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. పెళ్ళికూతురి నాయన ఒక స్తంభం చాటున నిలబడి స్టేజీని కాదు, ఆయన మొహాన్నే చూస్తున్నాడు.

నేను స్టేజీ నేలను తాకి కళ్ళకద్దుకున్నాను. వరుసలు నిలబడ్డాయి. మధ్యలో అమ్మాయి, పసుపు పట్టుచీరలో, నిటారుగా. డీజే తమ్ముడు నా వైపు చూసి బొటనవేలు ఎత్తి, మహా సంతోషంగా మీట నొక్కాడు.

మొదటి చరణం చక్కగా వచ్చింది. అందరూ కుడి అడుగు మీద నిలిచారు, ఎడమది తాకించి తీశారు. హాలంతా ఒక్కసారి తలెత్తింది. రెండో చరణంలో వచ్చింది దమ్ము. దబ్ దబ్ దబ్ దబ్. మా పాట మూడు లెక్కలో పోతుంటే దాని కింద నాలుగు లెక్క డప్పు పెట్టాడు మహానుభావుడు.

డప్పు మోగితే కాళ్ళు డప్పు మాటే వింటాయి, పాట మాట వినవు. సగం మంది డప్పు వెంట పోయారు, సగం మంది పాట వెంట. మేనత్త ఇటు, చిన్నాయన అటు తిరిగి ఒకరినొకరు గుద్దుకున్నారు. ఫోనులో చూసి నేర్చుకున్న బెంగళూరు బంధువులు మాత్రం ఆ రోజే మొట్టమొదటిసారి సరిగ్గా తాళంలో పడ్డారు, ఆ తప్పు తాళంలో. ఈ గందరగోళం మధ్య అమ్మాయికి ఎడమకాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఒక అడుగు తూలింది. నిలదొక్కుకుని, ఆగిపోయింది.

వెనక వరుసల్లో ఎవరో నవ్వారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరిదో గొంతు: "అయ్యో, పాపం!"

ఆ ఒక్క మాట వినకుండా ఉండటానికే ఆ బిడ్డ ఇంత చేసింది. ఆమె మొహం చూశాను. రంగు పోయింది.

నేను చెయ్యి ఊపి పాట ఆపించాను. ఆమె నాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు, ముందు వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీ ఒకటి రెండు చేతులతో ఎత్తుకుని. స్టేజీ దగ్గరికి వచ్చి దాన్ని పైకి అందించబోయాడు. "కూచో పాపా. వచ్చి కూచో."

"వద్దు నాయనా."

"నా మాట ఇను తల్లీ..."

"వద్దన్నా గదా."

డీజే తమ్ముడు మిషను మీద వంగి ఏవేవో నొక్కుతున్నాడు. "అక్కా, పాత పాట యాడుండాదో కనబడల్యా. దాని మీదనే దీన్ని పెట్టేసినట్లుండా..." అతని గొంతు ఏడుపులోకి దిగింది. ఇక నేను లెక్క చెప్పి ఆడించడం తప్ప దారి లేదు. నోరు తెరవబోతున్నాను, ముందు వరుసలో కర్ర నేల మీద టక్కుమంది.

పెదనాయన లేచాడు.

ఆయన స్టేజీ వైపు రాలేదు. గోడవార డోళ్ళ దగ్గర కూర్చున్న తనవాళ్ళ వైపు తిరిగాడు. గొర్రెల మందను కేకేసే గొంతు అది, మైకు అక్కరలేదు.

"ఏమప్పా, నోళ్ళు తెరుచుకుని సూస్తా కూచున్నారే! ఆ బిడ్డ అడుగు ఇనబడల్యా మీకు? ఎన్ని జాతర్లు కొట్టినారప్పా మీరు? ఎత్తుకోండి."

తర్వాత అమ్మాయి వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "అమ్మా, నువ్వు ఎవరి కోసరమూ ఆగద్దు. నీ పాటికి నువ్వు నడువు. వీళ్ళే అందుకుంటారు."

ఆమె ఒక క్షణం ఆయన్ను చూసింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. నడిచింది. పాట లేదు, డప్పు లేదు, కాలి గొలుసుల చప్పుడు ఒక్కటే. పొడుగు, పొట్టి. ఆ కొసనుంచి బయలుదేరి స్టేజీ సగానికి వచ్చేసరికి, ఒక డోలు మీద ఒక దెబ్బ పడింది. ధీం...త. రెండో డోలు కలిసింది. మిగిలినవన్నీ కలిశాయి. ధీం...త, ధీం...త. నేల కింద నుంచి వస్తున్నట్టు ఆ మోత నా అరికాళ్ళకు తగిలింది. స్టేజీ మీద ఉన్న తల్లి ఎవరూ చెప్పకుండానే పసుపు పాట ఎత్తుకుంది, ఆడవాళ్ళందరూ అందుకున్నారు. వరుసలు మళ్ళీ నిలబడ్డాయి. తువ్వాళ్ళు లేచాయి. ఇంటిల్లిపాదీ ఆ బిడ్డ అడుగు వేసుకుంటూ, ఆ బిడ్డ వెనకాల, స్టేజీ ఈ కొసకు వచ్చారు.

ఆమె వెనక్కి తిరిగి, మళ్ళీ ఆ కొసకు నడిచింది. కావాలనే నడిచింది. హాలంతా కడుపు నిండా చూసింది. ఈసారి ఎవరూ పాపం అనలేదు. "మా ఇంటి ఆడోళ్ళు స్టేజీ ఎక్కరు" అని నాకు ముందే కబురు పంపిన పెళ్ళికొడుకు మేనత్తలు, స్టేజీ ఎక్కకుండానే, కుర్చీలు పక్కకు జరిపి కిందనే ఆ అడుగు అందుకున్నారు. గొంగళ్ళ పెద్దమనుషులు చేతులు పట్టుకుని చుట్టు కట్టారు. పెళ్ళికొడుకు ఆగలేక స్టేజీ మీదికి ఉరికాడు కానీ అడుగు రాలేదు. "ఏంది సార్, హోంవర్క్ చేయలేదా?" అని ఆమె అడగడం ముందు వరుసల్లో అందరికీ వినబడింది.

డీజే తమ్ముడు మైకు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. "తప్పయిపోయినాది అక్కా. దమ్ము ఉండల్లని..."

"దమ్ము కావాలంటివి కదా, అదిగో" అని డోళ్ళు చూపించాను. "పో, ఆ మైకు తీసుకుపోయి వాటి ముందర పెట్టు." పరుగెత్తాడు. ఆ సాయంత్రం అతను చేసిన మంచి పని అదొక్కటే అయినా, అది చాలు.

పెళ్ళికూతురి నాయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. కుర్చీ రెండు చేతుల్లోనూ అలాగే ఉంది. పెదనాయన కర్ర తాటించుకుంటూ వచ్చి ఆయన పక్కన ఆగాడు.

"దాన్ని దించప్పా, చేతులు నొప్పి పుడతాయి."

ఆయన దించాడు. అప్పుడు అడిగాడు. "అన్నా, నిశ్చితార్థం పొద్దు నువ్వు ఒక్క మాట అనల్యా. నీకు మా పాప నచ్చలేదేమో అని ఇన్ని దినాలు నాకు కంటికి కునుకు ల్యాదన్నా."

పెదనాయన ఆయన్ను వింతగా చూశాడు. "నచ్చకపోతే చెప్పనా? నాకేం భయమా? అన్నం బాగుండాది, పిల్ల బాగుండాది, తిన్నాం, పోయినాం. ఇంకేం మాట్లాడల్ల?" అని స్టేజీ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "మా దేవర జాతరలో డోలు కొట్టేదీ ఆ అడుగుకే. నీ కూతురు దాంట్లోనే నడుస్తాంటే సూస్తా ఉండిపోయినా. నాకు నోరు తక్కువప్పా."

ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాడు. అంతలో అమ్మాయి స్టేజీ మెట్ల దగ్గరికి వచ్చి, పైనుంచి చెయ్యి చాపింది.

"రా నాయనా."

"నాకు రాదు పాపా. నేను నేర్చుకోల్యా గదా."

"రా అంటాండా గదా."

ఆయన చెప్పులు విడిచి స్టేజీ ఎక్కాడు. చేతికి తువ్వాలు కూడా లేదు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ నేను స్టేజీ పక్కకు పరుగెత్తి, ఆయనకు లెక్క అందించడానికి నోరు తెరిచాను. అవసరం రాలేదు. ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు. కుడి అడుగు మీద నిలిచాడు, ఎడమది తాకించి తీశాడు. మళ్ళీ నిలిచాడు, మళ్ళీ తీశాడు. అంతమంది రోజుల తరబడి తిట్లు తిని నేర్చుకున్న అడుగు, ఆయనకు మొదటి అడుగులోనే వచ్చింది, ఒక్కసారీ తప్పలేదు. జ్వరం తగ్గాక ఆ బిడ్డకు రెండోసారి నడక వచ్చినప్పుడు, వేలు అందించి పక్కనే నడిచిన మనిషి కదా ఆయన.

నేను తెరిచిన నోరు మూసుకుని, చేతులు జోడించాను. నా లెక్కతో పని లేకుండా చేసిన స్వామికి దండం పెట్టుకుని, చీర కొంగు దోపుకుని, అందరి వెనకాల నేనూ ఆ అడుగు అందుకున్నాను.